ఎండు నెత్తళ్ళు, ఫెడరల్ అధికారం

బయట మైనస్ ఇరవై రెండు. గ్యారేజీలో మైనస్ ఎనిమిది. ఆ తేడా తన మీద దేవుడు చూపించిన ప్రత్యేకమైన కృప అనుకుంటూ జ్ఞానవతి మూకుట్లో నూనె పోసింది.

మోకాళ్ళ కిందికి దిగిన కోటు, చెవుల మీదికి లాగిన ఊలు టోపీ, కాళ్ళకి మంచు బూట్లు. చేతులకి మాత్రం ఏమీ లేవు. గ్లవ్స్ వేసుకుని చిటికెడు పసుపు తీయడం ఎంత చదువుకున్నా సాధ్యం కాదు. కారు పక్కన ఒక మడతబల్ల, బల్ల మీద కరెంటు పొయ్యి, దాని వెనక గోడకి ఆనించిన మంచు పార. ఇదీ ఆమె రెండో వంటిల్లు. పొగ పోవడానికి గ్యారేజీ తలుపు అడుగున్నర ఎత్తు లేపి పెట్టింది. పొగ బయటికి వెళ్ళేది, దాని చోటు ఖాళీగా ఉండకూడదన్నట్టు చలి లోపలికి వచ్చేది.

ఎండు నెత్తళ్ళ తలలు తుంచడం, వేడినీళ్ళలో రెండుసార్లు కడగడం, గుడ్డ మీద ఆరబెట్టడం ఇంట్లోనే చెయ్యొచ్చు. నూనెలో పడేది మాత్రం గ్యారేజీలోనే. ఇంటి చట్టంలో ఆ మాత్రం వెసులుబాటు ఉంది. మూకుడు చిన్నది, పొయ్యి అంతకన్నా చిన్నది. గుప్పెడు నెత్తళ్ళు వేసి, అవి చిటపటలాడి ముడుచుకునేదాకా గరిటెతో తిప్పుతూ, ఎడమచేతి వేళ్ళని మూకుడు మీద కాచుకుంది.

ఎక్కడినుంచో ఇంగువ వాసన వచ్చింది. ఇంగువ, ఎండుమిరపకాయ, కొంచెం మాడిన ఆవాలు. జ్ఞానవతి ముక్కు ఎగబీల్చింది. కెనడాలో, ఈ కాల్గరీలో, మంచు కురిసిన వీధిలో, బుధవారం సాయంత్రం ఇంగువ తాలింపు ఎవరు పెడతారు? చలికి మెదడు కూడా గడ్డకడుతుందేమో అనుకుంది.

ఇంట్లోకి వెళ్ళే తలుపు తెరుచుకుని కూతురు అబిగేల్ తల బయటపెట్టింది. పదకొండో తరగతి చదివే పిల్ల, తెలుగు అర్థమవుతుంది, సమాధానం ఇంగ్లీషులో వస్తుంది.

"మా, యూ లుక్ లైక్ ఎ ఫ్యుజిటివ్."

"పారిపోయిన ఖైదీలా ఉన్నానా? ఖైదీలకి వంటిల్లు లోపలే ఉంటుందే. ఆ ప్లేటు పట్టుకో."

"ఈజ్ ఇట్ రెడీ?"

"పట్టుకుంటే అవుతుంది."

లోపల్నుంచి భర్త డేవిడ్‌సన్ గొంతు వినిపించింది. "ఎవరది? తలుపు వెయ్యండర్రా, హీట్ పోతోంది!"

డేవిడ్‌సన్ డౌన్‌టౌన్‌లో ఒక పైపులైన్ కంపెనీలో పనిచేస్తాడు. పైపు వేసే పని కాదు. పైపు వెయ్యడానికి పర్యావరణ అనుమతులు అడిగే పని. ఒక వాగు దాటాలంటే ఒటావాలో కేంద్ర ప్రభుత్వానికి నాలుగువందల పేజీలు పంపాలి. వాళ్ళు చదివి, ఐదువందలవ పేజీ ఎక్కడని అడుగుతారు. ఆ కోపం ఆయన ప్రతిరోజూ సీట్రెయిన్‌లో మోసుకొచ్చి భోజనాల బల్ల మీద దించుతాడు. ఆ ట్రెయిన్‌లోనే సెప్టెంబరులో ఒకరోజు పక్కన కూర్చున్న ఆవిడ ముక్కు మూసుకుని ఆయన కోటు వైపు ఒకసారి చూసి, లేచి వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. ఇంట్లో నెత్తళ్ళు వేయించకూడదని ఆ సాయంత్రమే చట్టం వచ్చింది. ముసాయిదా లేదు, అభ్యంతరాలకి గడువు లేదు.

"కోటు సంగతి అలా ఉంచు," అన్నాడు ఆరోజు. "బేస్‌మెంట్‌లో కావ్యశ్రీ వాళ్ళు దిగారు కదా. శాకాహారులు. ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు ఒకటే, పైకీ కిందికీ గాలి ఒకటే. ఆ పిల్లకి ఈ వాసన అస్సలు పడదట."

అద్దెకున్నవాళ్ళకి పడదంటే జ్ఞానవతి ఏమంటుంది? పొయ్యి గ్యారేజీలోకి మోసుకుపోయింది.

వేయించిన నెత్తళ్ళు తినడానికి మాత్రం ఆయనకి ఏ అభ్యంతరమూ లేదు. ఈ బుధవారం రాత్రి పప్పుచారు అన్నంలోకి నాలుగోసారి వడ్డించుకుంటూ చెప్పాడు. "శనివారం ఫెలోషిప్ మనింట్లో కదా. టాపిక్ వచ్చేసింది. కింద అమెరికాలో ప్రెసిడెంటు కావాలనుకుంటున్నాడు చూడు, ఆ పెద్దమనిషి. అతను గెలిస్తే ఏం చేస్తాడు, వాళ్ళ పర్యావరణ శాఖ చేతిలో ఉన్న అధికారం రాష్ట్రాలకి ఇచ్చెయ్యడం మంచిదా కాదా అని. నేను అనుకూలం. షాలేమ్ వ్యతిరేకం."

"అతనికి ఇంకా పార్టీ టికెట్టే రాలేదు కదండీ."

"అందుకే ఇప్పుడే మాట్లాడుకోవాలి."

"మనకి అక్కడ ఓటు లేదు కదా."

"ఓటు లేనివాళ్ళకే ఆలోచించే తీరిక ఉంటుంది జ్ఞానా," అన్నాడు డేవిడ్‌సన్, చివరి నెత్తల్ని నోట్లో వేసుకుంటూ.

ఆ మాట జ్ఞానవతికి చాలా నచ్చింది. దాచిపెట్టుకుంది.

మర్నాడు పొద్దున్న సువార్తరాజు గారు ఫోన్ చేశారు. నర్సాపురం కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి, కొడుకు దగ్గరికి వచ్చి, ఇక్కడి తెలుగు క్రైస్తవ ఫెలోషిప్‌కి పెద్దదిక్కయిన మనిషి. ప్రార్థన, చర్చ, భోజనం, ఈ మూడూ ఈ క్రమంలో జరగాలన్నది ఆయన నియమమే. భోజనం ముందు పెడితే చర్చలో అందరూ నిద్రపోతున్నారని మార్చారు.

"వందనాలమ్మా జ్ఞానవతీ. శనివారం మీ ఇంట్లో కదా?"

"వందనాలండీ అంకుల్. అవునండీ."

"ఒక చిన్న కోరిక. పప్పుచారు పెట్టి, వేడివేడిగా నెత్తళ్ళు వేయించి వడ్డిస్తావా? మా కోడలు పిల్ల చాలా మంచిది, ఓట్స్ పెడుతుంది. నాలిక చచ్చిపోయిందమ్మా. వేయించి పక్కన పెట్టినవి కాదు, మూకుట్లోంచి ప్లేట్లోకి రావాలి."

"తప్పకుండా అంకుల్," అంది జ్ఞానవతి. ఫోన్ పెట్టేశాక లెక్క అర్థమైంది. ముప్ఫైమంది జనం. గ్యారేజీ పొయ్యి మీద వాయికి గుప్పెడు. శనివారం మైనస్ ఇరవై ఎనిమిది అని ఫోన్‌లో నీలిరంగు అంకె. మూకుట్లోంచి దిగిన నెత్తళ్ళు గ్యారేజీ దాటి, బూట్ల గుట్ట దాటి, హాలు దాటి సువార్తరాజు గారి ప్లేటు చేరేసరికి మళ్ళీ ఎండు నెత్తళ్ళే అవుతాయి. పెద్దాయన నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆ ఒక్కటీ చెయ్యలేకపోతే ఈ ఇంటికి తను ఏమవుతుంది?

సాయంత్రం అడిగింది. "శనివారం ఒక్కరోజు లోపల వేయిస్తానండీ."

"ఆరోజే అసలు కుదరదు. ముప్ఫైమంది కోట్లు! మన బెడ్‌రూమ్‌లో గుట్టగా పడేస్తారు. సోమవారం ముప్ఫైమంది ట్రెయిన్‌లో మన ఇంటి వాసనతో..."

"కిటికీ తీస్తే?"

"హీట్ పోతుంది. పైగా పాపం కింద కావ్యశ్రీ. ఒక్కరోజుకని మినహాయింపు ఇస్తే అది రూలే కాదు జ్ఞానా. నా ఉద్యోగంలో రోజూ చూస్తాగా." ఆ మాటతో ఆయన లేచి, హాల్లో అటూ ఇటూ తిరుగుతూ ఉపన్యాసం మొదలుపెట్టాడు. ప్రతిసారీ చర్చకి ముందు ఆమె ఎదుటే సాధన చేస్తాడు. ఆమె అడ్డుచెప్పదని కాదు, చేతిలో ఎప్పుడూ ఏదో పని ఉంటుంది కాబట్టి మధ్యలో లేచిపోదని. ఈ రోజు వెల్లుల్లి.

"అధ్యక్షా, ఈ అభ్యర్థి గెలిస్తే సరిహద్దు దాటే పైపులైన్లకి అనుమతులు తొందరగా వస్తాయి. కేంద్ర పర్యావరణ శాఖ పెట్టే పరిమితుల్లో చాలా భాగం రాష్ట్రాలే పెట్టుకుంటాయి. ఎందుకంటే... ఎందుకంటే..."

జ్ఞానవతి వెల్లుల్లి రెబ్బని కత్తి వెనకభాగంతో నొక్కింది. పొట్టు దానంతటదే ఊడింది. బి.ఏ.లో కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద ప్రతి ఏడూ పది మార్కుల ప్రశ్న వచ్చేది. ఆమె ఏ ఏడూ వదల్లేదు.

"ఎందుకంటే, మంట ఎంత పెట్టాలో పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది," అంది తల ఎత్తకుండా. "హాల్లో కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

డేవిడ్‌సన్ ఆగాడు. "మళ్ళీ చెప్పు."

చెప్పింది. ఆయన ఫోన్‌లో కొట్టుకున్నాడు.

"సామాన్యుడికి అర్థమయ్యే పోలిక. వాషింగ్టన్ హాలు, రాష్ట్రం వంటిల్లు. భలే. ఇంకేమైనా ఉందా?"

"ఉందండీ. రూలు పెట్టినవాళ్ళు, ఆ రూలు కింద బతికేవాళ్ళని ఒక్కసారైనా పిలిచి అడిగారా అని అడగండి."

"అడగరు! ఎప్పుడూ అడగరు!" డేవిడ్‌సన్ బల్ల మీద చరిచాడు. "వెల్లుల్లి పొట్టు తీస్తూ ఇవన్నీ ఎలా తడతాయి నీకు?"

"ఇల్లంతా ఒకటే గాలి కదండీ," అంది జ్ఞానవతి. "మీ దగ్గర్నుంచే వస్తాయి."

మెట్ల మీద కూర్చుని హోమ్‌వర్క్ చేసుకుంటున్న అబిగేల్ తల్లి వైపు చూసింది. తల్లి వెల్లుల్లి వైపు చూసింది. పిల్ల నవ్వు ఆపుకోవడానికి పెన్ను కొరికింది.

శనివారం ఐదింటికల్లా ఇల్లు నిండిపోయింది. గుమ్మంలో బూట్లు, బెడ్‌రూమ్‌లో కోట్లు, సోఫాల్లో మగవాళ్ళు, కింద కార్పెట్ మీద పిల్లలు, వంటింటి గట్టు చుట్టూ ఆడవాళ్ళు. హాలుకీ వంటింటికీ మధ్య గోడ లేదు, కానీ ఉన్నట్టే అందరూ కూర్చుంటారు. ప్రార్థన అయింది. సువార్తరాజు గారు వంటింటి వైపు తిరిగి, "అమ్మాయ్, కుక్కర్ సిద్ధమా?" అన్నారు.

ఇది వాళ్ళ ఫెలోషిప్ పద్ధతి. మొదట్లో ఫోన్‌లో టైమర్ పెట్టేవారు. నా టైమ్ ఇంకా ఉంది, నీ ఫోన్ తప్పు అని ప్రతిసారీ తగవే. ఒకసారి ఎవరింట్లోనో కుక్కర్ విజిల్‌కి వక్త నోరు మూసుకున్నాడు. "ఇదే న్యాయం. విజిల్‌కి పార్టీ లేదు," అని పెద్దాయన తీర్పు చెప్పారు. అప్పట్నుంచి ఒక్కో వక్తకి మూడు విజిళ్ళు. ఓడినవాళ్ళు గిన్నెలు కడగాలి. విజిల్‌కి పార్టీ లేకపోవచ్చు, కుక్కర్ కింద మంటకి ఒక మనిషి ఉంటుందన్న సంగతి మగవాళ్ళెవరికీ ఇంతవరకు తట్టలేదు.

ఉడుకుతున్నవి నల్లశనగలు. డేవిడ్‌సన్ లేచి గొంతు సవరించుకోగానే జ్ఞానవతి మంట తగ్గించింది.

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న టీనా, షాలేమ్ భార్య, అది చూసింది. "అక్కా, మీ ఆయనకి సిమ్‌లోనా?"

"శనగలు పగిలిపోతాయమ్మా," అంది జ్ఞానవతి.

డేవిడ్‌సన్ బాగా మాట్లాడాడు. ఒటావా దగ్గర మొదలుపెట్టి వాషింగ్టన్‌కి వెళ్ళాడు, అక్కడి అభ్యర్థి ఏం చేస్తానంటున్నాడో, ఏం చెయ్యగలడో, కోర్టులు ఎక్కడ అడ్డుపడతాయో చెప్పాడు. మొదటి విజిల్ రావడానికి చాలాసేపు పట్టింది. రెండోది ఇంకా ఆలస్యం. అప్పటికి ఆయన ఊపందుకున్నాడు.

"అధ్యక్షా, మంట ఎంత పెట్టాలో పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది! హాల్లో కూర్చున్నవాళ్ళకి ఏం తెలుస్తుంది?"

వంటింటి వైపునుంచి చప్పట్లు మొదలయ్యాయి. ఆ వైపునుంచి చప్పట్లు రావడం ఫెలోషిప్ చరిత్రలో ఇదే మొదలు. డేవిడ్‌సన్ ముఖం వెలిగిపోయింది.

"రూలు పెట్టినవాళ్ళు, ఆ రూలు కింద బతికేవాళ్ళని ఒక్కసారైనా పిలిచి అడిగారా? అడగలేదు! అడగని రూలుకి విలువ ఎక్కడిది?"

"బాగా అడిగారన్నయ్యా!" అన్నారు ఆడవాళ్ళు. సువార్తరాజు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. అప్పుడుగానీ మూడో విజిల్ రాలేదు.

షాలేమ్ లేచాడు. హ్యూస్టన్‌లో ఆరేళ్ళు ఉండి వచ్చిన ఇంజనీరు, ముప్ఫై దాటినవాడు. జ్ఞానవతి మంట పెంచింది.

"మా అపార్ట్‌మెంట్‌కి రెండు మైళ్ళలో ఫ్యాక్టరీలుండేవండీ. కొన్ని రోజులు పొద్దున్నే గొంతు మండేది. ఆ అభ్యర్థి గెలిచి అధికారం రాష్ట్రాలకిస్తే, ఒక రాష్ట్రం నిబంధన సడలిస్తుంది. బాగుంది. పొగ అక్కడే ఉంటుందా? పక్క..."

మొదటి విజిల్.

"...పక్క రాష్ట్రానికి వెళ్తుంది. రెండోది, ఒకాయన సంతకంతో వచ్చిన అనుమతి, తర్వాత వచ్చిన ఇంకొకాయన సంతకంతో పోతుంది. పైపు సగంలో ఆగుతుంది. మన ఆఫీసుల్లో ఉద్యోగాలు..."

రెండో విజిల్.

"అక్కా, ఏంటిది!"

"శనగలు కదా తమ్ముడూ. వాటిష్టం."

"సరే, ఒక్కమాట. పక్క రాష్ట్రంలో దగ్గేవాడికి ఈ రాష్ట్రంలో ఓటు లేదు. వాడు ఎవరికి చెప్పుకోవాలి? ఎవరో ఒకరు ఇద్దరి మధ్యా..."

మూడో విజిల్. హాలంతా నవ్వింది. షాలేమ్ రెండు చేతులూ ఎత్తి కూర్చున్నాడు. టీనా గట్టు పట్టుకుని వంగిపోయి నవ్వుతోంది. "మా ఆయన గిన్నెలు బాగా కడుగుతాడులే అక్కా," అంది.

చేతులెత్తించారు. లెక్కపెట్టే అవసరం కూడా రాలేదు. "అధికారం స్థానికులకే," అని సువార్తరాజు గారు ప్రకటించారు. "డేవిడ్‌సన్ గెలిచాడు."

సరిగ్గా ఆ చప్పట్లలో జ్ఞానవతి కుక్కర్ దించి, పెద్ద మూకుడు ఎక్కించి, కాగిన నూనెలో మొదటి వాయి నెత్తళ్ళు జారవిడిచింది.

చుయ్‌మన్న చప్పుడుకి చప్పట్లు ఆగాయి. వాసన దాని వెనకే వచ్చింది. చిన్నప్పుడు తిన్న మధ్యాహ్నాలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డట్టు హాల్లో పెద్దవాళ్ళందరూ వంటింటి వైపు తిరిగారు. డేవిడ్‌సన్ కూడా తిరిగాడు, కానీ వేరే ముఖంతో.

"జ్ఞానా! అది..."

"ఏంటండీ?"

"అది గ్యారేజీలో కదా..."

"ఎందుకయ్యా గ్యారేజీలో?" అన్నారు సువార్తరాజు గారు.

"అంటే అంకుల్, వాసన... కోట్లు... ఇంట్లో ఒక రూలు..."

జ్ఞానవతి గరిటె పట్టుకుని వినయంగా నిలబడింది. "అడిగే చేస్తున్నానండీ. పొయ్యి దగ్గర నిలబడ్డవాళ్ళనే అడిగాను. ఒప్పుకున్నారు."

 ముందుగా నవ్వింది అబిగేల్. ఆ తర్వాత ఎవరు ముందో ఎవరు వెనకో తెలియలేదు. సువార్తరాజు గారు కర్చీఫు తీసి కళ్ళొత్తుకుంటూ, "కూర్చోవయ్యా డేవిడ్‌సన్. కేంద్రం ఓడిపోయింది," అన్నారు. డేవిడ్‌సన్ కూర్చున్నాడు. గెలిచినవాడు అంత దీనంగా కూర్చోవడం కూడా ఫెలోషిప్‌లో ఇదే మొదలు.

అప్పుడు బేస్‌మెంట్ మెట్ల తలుపు మీద ఎవరో తట్టారు.

"వచ్చింది!" షాలేమ్ లేచి నిలబడ్డాడు. "చూశారా? నేను చెప్పబోయింది ఇదే. పక్క రాష్ట్రం వచ్చింది!"

తలుపు తెరిస్తే కావ్యశ్రీ. హైదరాబాదు పిల్ల, కింద మొగుడు శ్రీరామ్‌తో కాపురం, ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగాలు. పైజమా మీద పెద్ద కోటు, మెడకి మఫ్లర్, పాదాలకి బూట్లు. చేతిలో చిన్న తాలింపు గరిటె, అందులో నూనె, ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు. అంతమందిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ముక్కు చిట్లించింది, వెంటనే మర్యాదగా సర్దుకుంది.

"సారీ ఆంటీ. గెస్టులున్నరని తెల్వదు. ఒక్కటే అడుగుదామని వచ్చిన. రూల్ తీసేసిన్రా?"

"ఏ రూలమ్మా?"

"అదే, ఘాటు వాసనలు లోపల వద్దని. మీకు ఇంగువ ఎలర్జీ అని, ఊపిరాడదని అంకుల్ చెప్పిండ్రు గదా మేం దిగినప్పుడు. అప్పట్సంది తాలింపు బయట, వెనక చెక్క డెక్ కింద పెడుతున్న. ఇయ్యాల మస్తు చలుందని..."

జ్ఞానవతికి బుధవారం నాటి ఇంగువ వాసన గుర్తొచ్చింది. ఇంటికి ముందు తను, ఇంటికి వెనక ఈ పిల్ల. ఇద్దరి మధ్యా వెచ్చగా, ఖాళీగా రెండు వంటిళ్ళు.

"నాకా? ఎలర్జీయా?" అంది. "నాకు చెప్పింది, నీకు నెత్తళ్ళ వాసన పడదని!"

ముప్ఫై జతల కళ్ళు డేవిడ్‌సన్ మీదికి తిరిగాయి. ఆయన చేతిలోని నీళ్ళ సీసా మీద ఏం రాశారో చాలా శ్రద్ధగా చదువుతున్నాడు.

"డాడ్," అంది అబిగేల్, గౌరవంగా. "దట్స్ జీనియస్."

ఈసారి నవ్వు ఇంటికప్పు దాకా వెళ్ళింది. కావ్యశ్రీ కూడా నవ్వింది. నవ్వుతూ గరిటె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. అప్పుడు జ్ఞానవతి ఆ వేళ్ళు చూసింది. కొసలు ఎర్రగా కమిలి ఉన్నాయి. తన వేళ్ళలాగే.

జ్ఞానవతి వెనక్కి తిరిగి పొయ్యి ఆర్పేసింది. చిటపట సద్దుమణిగింది.

"ఇలా రా," అంది. "వీళ్ళందరి సంగతీ వదిలెయ్. నిజం చెప్పు. ఈ వాసన నీకు పడుతుందా?"

కావ్యశ్రీ అందరి వైపూ చూసింది. సువార్తరాజు గారి ముఖంలో ఆశ చూసింది. "పడుతది ఆంటీ," అని మొదలుపెట్టి, జ్ఞానవతి కళ్ళలోకి చూసి ఆగింది. "లేదు ఆంటీ. కడుపుల తిప్పుతది. కొంచెం."

 మూకుట్లో నెత్తళ్ళు సగం వేగి, సగం వేగక, తీర్పు కోసం ఎదురుచూస్తున్నట్టు నూనెలో తేలుతున్నాయి. మూడు నెలల తర్వాత చేతికొచ్చిన పొయ్యి. పెద్దాయన అడిగిన ఒక్క కోరిక. వద్దని గ్యారేజీకి మళ్ళితే, గెలిచిందెవరు? మళ్ళీ వెలిగించి వేయిస్తే, తనకీ డేవిడ్‌సన్‌కీ తేడా ఏమిటి? పరీక్షలో ఇంత కష్టమైన ప్రశ్న ఎప్పుడూ రాలేదు.

"తమ్ముడూ షాలేమ్," అంది. "నీ మాట విజిల్‌కి ఆగిపోయింది కదా. ఎవరో ఒకరు ఇద్దరి మధ్యా అన్నావు. ఇద్దరి మధ్యా ఏం చెయ్యాలి?"

షాలేమ్ కాస్త తడబడ్డాడు. "కూర్చుని మాట్లాడాలి అక్కా. అంతే."

"అంతేనా? దానికి వాషింగ్టన్ దాకా ఎందుకు వెళ్ళావ్?" అంది టీనా.

జ్ఞానవతి స్టూలు లాగి కావ్యశ్రీని కూర్చోబెట్టింది. తనూ కూర్చుంది. ముప్ఫైమంది ఆకలితో చూస్తుండగా వాళ్ళిద్దరూ, తీరిగ్గా, గాలి గురించి మాట్లాడుకున్నారు.

"ముందుగల్ల చెప్తే చాలు ఆంటీ. శ్రీరామ్ కింద గాలొచ్చే వెంట్లు మూసేస్తడు. తలుపు కింద టవల్ పెట్టుకుంటం. శనివారాలు పొద్దుగాల ఎట్లాగూ గుడికి పోతం, సామాన్లకు పోతం. అప్పుడు చేస్కోండ్రి."

"శనివారాలు, మీరు బయటికి వెళ్ళాక. నువ్వు మెసేజ్ పెట్టాకే నూనె కాగుతుంది. మిగతా రోజుల్లో నాకూ ఆత్రం లేదు. మరి నీ ఇంగువ?"

"రోజూ గావాలె ఆంటీ."

"రోజూ పెట్టుకో. నాకు తుమ్ములొస్తే తుమ్ముతాను. ఆరోగ్యానికి మంచిదే. మరి ఈ రోజు?"

కావ్యశ్రీ చేతిలోని గరిటె వైపు చూసుకుంది. జ్ఞానవతి కూడా చూసింది.

"పప్పుచారుకి ఇంకా తాలింపు పెట్టలేదు," అంది జ్ఞానవతి. "ముందు నీది. ఆ తర్వాత నువ్వు నీ వాటా తీసుకుని కిందికెళ్ళి టవల్ పెట్టుకున్నాక, నాది."

కావ్యశ్రీ కోటు విప్పి స్టూలు మీద పడేసింది. పెద్ద పొయ్యి ముందు నిలబడి, చిన్న గరిటె చాలదని పెద్దది అడిగి తీసుకుంది. ఆవాలు, జీలకర్ర, గుప్పెడు మిరపకాయలు, ఇంగువ. ఇన్ని నెలలు డెక్ కింద అణిచిపెట్టుకున్న ఇంగువంతా ఒక్కసారి గుమ్మరించినట్టుంది. పప్పుచారులో అది పడిన మోతకి పిల్లలు ఉలిక్కిపడ్డారు. మొదట టీనా తుమ్మింది, తర్వాత షాలేమ్, తర్వాత సోఫాలన్నీ వరసగా. సువార్తరాజు గారు తుమ్మి, "ఆమెన్," అన్నారు.

కావ్యశ్రీ పప్పుచారు గిన్నె పట్టుకుని కిందికి దిగింది. కాసేపటికి జ్ఞానవతి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. టవల్ బొమ్మ, దాని పక్కన బొటనవేలు. పొయ్యి మళ్ళీ వెలిగింది.

మూకుట్లోంచి నేరుగా ప్లేట్లోకి. సువార్తరాజు గారు మొదటి నెత్తల్ని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు తెరవలేదు. కోడలు కంగారుగా చూస్తే, "నర్సాపురంలో ఉన్నానమ్మా. కాసేపు ఆగి వస్తాను," అన్నారు. డేవిడ్‌సన్ కూడా తిన్నాడు. ఓడినవాడికన్నా ఎక్కువే తిన్నాడు.

భోజనాలయ్యాక తీర్పు సవరించారు. షాలేమ్ వాదన విజిల్ వల్ల తెగిపోయింది కానీ తప్పు కాలేదు కాబట్టి, ఇద్దరూ గిన్నెలు కడగాలి. సింకు ముందు డేవిడ్‌సన్, షాలేమ్ మోచేతుల దాకా నురగతో నిలబడి, ఆ పెద్దమనిషికి అసలు పార్టీ టికెట్ వస్తుందా రాదా అని మళ్ళీ మొదలుపెట్టారు. కుక్కర్ మూత కడుగుతూ షాలేమ్ ఒక్కక్షణం ఆగి, విజిల్ని వేళ్ళతో తిప్పి చూసి, పొయ్యి వైపు చూసి, జ్ఞానవతి వైపు చూశాడు.

"అక్కా," అన్నాడు మెల్లగా.

"బాగా తోము తమ్ముడూ. మూలల్లో శనగ తొక్కు ఉంటుంది," అంది జ్ఞానవతి.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక గ్యారేజీలో డ్రిల్లింగ్ చప్పుడు వినిపించింది. జ్ఞానవతి వెళ్ళి చూడలేదు. అడగలేదు కూడా. అబిగేల్ వెళ్ళి చూసొచ్చి, తల్లి చెవిలో ఏదో చెప్పి, మెట్ల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది.

సోమవారం పొద్దున్న మైనస్ ఇరవై నాలుగు. డేవిడ్‌సన్ టై కట్టుకుని, బ్యాగు తగిలించుకుని, గ్యారేజీ తలుపు తెరిచాడు. మడతబల్ల ఉండే చోట గోడకి కొత్తగా మూడు కొక్కేలు. మొదటి కొక్కేనికి ఆయన కోటు, రాత్రంతా చల్లటి శుభ్రమైన గాలి పీల్చుకుని, చెక్కలా బిగుసుకుని వేలాడుతోంది. ఒక చెయ్యి దూర్చాడు. "అబ్బబ్బబ్బ," అన్నాడు. రెండో చెయ్యి దూర్చే ముందు గుమ్మంలో నిలబడి కాస్త ధైర్యం తెచ్చుకుంటున్నాడు.

కింద వెంట్లలోంచి ఇంగువ ఘాటు మెల్లగా పైకి వచ్చింది. జ్ఞానవతి టీ వడపోస్తూ రెండుసార్లు హాయిగా తుమ్మింది.

"తలుపు వెయ్యండీ," అంది. "హీట్ పోతోంది."